జీతం లేని సర్వే

మన మలక్‌పేట నిజాం సంస్థానంలో ఉన్న రోజుల్లో, ఆ సంస్థానమంతటా పక్షులను వెదుకుతూ తిరిగిన సలీం అలీకి జీతం లేదు.

1896లో బొంబాయిలో పుట్టిన ఆయన పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకొని మేనమామ ఇంట పెరిగాడు. తాను కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ చూసి, అదేమి పక్షో అడగడానికి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లాడు. కార్యదర్శి మిల్లార్డ్ కసురుకోకుండా, అక్కడ భద్రపరచిన పక్షులన్నీ చూపించాడు. పిల్లల ప్రశ్నలకు మనలో ఎందరికి అంత ఓపిక? 1985లో వచ్చిన తన ఆత్మకథకు ఆయన ‘ద ఫాల్ ఆఫ్ ఎ స్పారో’ అని పేరు పెట్టాడు. ముస్లిం కుటుంబంలో పుట్టిన ఆయన పుస్తకం పేరు వింటే, నేలరాలే పిచ్చుకను గురించి ప్రభువు చెప్పిన మాటే మనకు గుర్తొస్తుంది.

మ్యూజియంలో ఉద్యోగం చేస్తూ బెర్లిన్ వెళ్లి చదువుకున్నాడు. 1930లో తిరిగొస్తే, నిధులు లేవని ఆ ఉద్యోగమే తీసేశారు. ఖర్చులు మాత్రం భరిస్తే ఊరికే సర్వే చేస్తానని సంస్థానాలను అడిగాడు. నిజాం ప్రభుత్వం ఒప్పుకుంది. 1931-32లో హైదరాబాద్ సంస్థానపు అడవుల్లో గుడారాలు వేశాడు. ఆ సంవత్సరాల్లో ఆయనకు అండ భార్య తెహ్మినా. 1939లో ఆమె చనిపోయింది. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు, సర్వేలూ మానలేదు.