భాస్కరాచార్యుడు

భారతీయ గణితశాస్త్ర చరిత్రలో ఆర్యభట్టు, బ్రహ్మగుప్తుడు, శ్రీధరుడు, మహావీరాచార్యుడు వంటి మహనీయులు ఎందరో ఉన్నారు. వారి తరువాత జన్మించి, వారు కూడబెట్టిన విద్యాధనాన్ని సామాన్య విద్యార్థి చేతికి అందించిన ఉత్తమ గురువు భాస్కరాచార్యుడు. ఏడవ శతాబ్దంలో ఇదే పేరుగల మరొక గణితవేత్త ఉన్నందువల్ల చరిత్రకారులు ఈయనను రెండవ భాస్కరుడని వ్యవహరిస్తారు. గ్రహగతులను గణించగల మహామేధావి, కూడికలు తీసివేతలు నేర్చుకొనే పిల్లల అవస్థను కూడా ఎరిగి వారికోసం శ్రమించడం ఈయన జీవితంలోని విశేషం.

భాస్కరాచార్యుడు శాలివాహన శకం 1036లో, అనగా క్రీస్తు శకం 1114లో, సహ్యాద్రి ప్రాంతంలోని విజ్జడవిడమనే ఊరిలో జన్మించాడు. తండ్రి మహేశ్వరుడు గొప్ప జ్యోతిశ్శాస్త్రవేత్త. ఆయనే కుమారునికి విద్యాగురువు. ఆ వంశంలో పాండిత్యం తరతరాలుగా ప్రవహిస్తూ వచ్చింది. వారి పూర్వీకుడైన భాస్కరభట్టు భోజమహారాజు చేత విద్యాపతి అనే బిరుదు పొందినట్లు శాసనం తెలుపుతున్నది.

ముప్పై ఆరేళ్ల వయస్సులో, 1150లో, భాస్కరుడు 'సిద్ధాంత శిరోమణి' అనే మహాగ్రంథాన్ని పూర్తి చేశాడు. ఇందులో లీలావతి, బీజగణితం, గ్రహగణితం, గోళాధ్యాయం అని నాలుగు భాగాలు ఉన్నాయి. చివరి రెండూ ఖగోళశాస్త్ర పండితులకు ఉద్దేశించినవి. మొదటిదైన లీలావతి అంకగణితానికీ, క్షేత్రగణితానికీ సంబంధించినది. తరువాతి శతాబ్దాలలో దేశమంతటా విద్యార్థులు ఎక్కువగా పఠించినది ఈ భాగాన్నే.

లీలావతి అనే పేరును గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. లీలావతి భాస్కరుని కుమార్తె అనీ, ఆమె వివాహ ముహూర్తాన్ని తెలిపే ఘటికాయంత్రంలో ముత్యం పడి నీరు లోనికి రాక ముహూర్తం దాటిపోయిందనీ, ఆమె దుఃఖాన్ని తీర్చడానికి తండ్రి ఆమె పేరుతో ఈ గ్రంథాన్ని రచించాడనీ ఆ కథ సారాంశం. అక్బరు ఆస్థానకవి ఫైజీ 1587లో చేసిన పారశీకానువాదంలో ఇది కనిపిస్తుంది. భాస్కరుని రచనలో మాత్రం ఇందుకు ఆధారం లేదు. ఆయన తన శ్లోకాలలో లీలావతీ అని, బాలా అని, మిత్రమా అని, వర్తకుడా అని పలువురిని సంబోధించాడు. కథ ఎట్లున్నా ఎదురుగా కూర్చున్న ఒక శిష్యురాలితోనో, శిష్యునితోనో ఆప్యాయంగా మాట్లాడుతున్నట్లు ఈ గ్రంథం సాగుతుందన్నది వాస్తవం.

నేర్పవలసిన క్రమం ఆయనకు బాగా తెలుసు. మొదట నాణేలు, పొడవులు, తూనికల కొలమానాలను పరిచయం చేశాడు. ఇరవై గవ్వలు ఒక కాకిణి, నాలుగు కాకిణులు ఒక పణం, పదహారు పణాలు ఒక ద్రమ్మం. ఆ తరువాతనే సంకలన వ్యవకలనాదులను ప్రవేశపెట్టాడు. 135ను 12 చేత గుణించమని చెప్పి, 1620 అనే ఒకే ఫలితాన్ని పలు పద్ధతులలో సాధించి చూపాడు. ఒక మార్గం అర్థం కాని విద్యార్థికి మరొక మార్గం తెరిచి ఉంచడం ఇందులోని అంతరార్థం.

భిన్నాలు పిల్లలకు భయం గొలిపే అంశం. ఆ భయాన్ని భాస్కరుడు హాస్యంతో పోగొట్టాడు. ఒక లోభి ఒక యాచకునికి దానం చేశాడట. ఆ దానం ఒక ద్రమ్మంలో సగానికి మూడింట రెండు వంతులు. అందులో నాలుగింట మూడు వంతులు. అందులో అయిదవ వంతు. అందులో పదహారవ వంతు. తుదకు అందులో నాలుగవ వంతు. వినడానికి ఎంతో పెద్ద లెక్క. లవాలను లవాలతోనూ, హారాలను హారాలతోనూ గుణించి సంక్షేపిస్తే ద్రమ్మంలో 1280వ వంతు వస్తుంది. ఒక ద్రమ్మానికి 1280 గవ్వలు. కాబట్టి ఆ మహాదాత ఇచ్చినది ఒకే ఒక గవ్వ! ఈ లెక్క చేసిన విద్యార్థి లోభిని చూసి నవ్వుకొంటూనే భిన్నాల గుణకారాన్ని నేర్చుకొంటాడు.

క్షేత్రగణితంలో కూడా ఆయన కంటికి కనిపించే వస్తువులనే తీసుకొన్నాడు. 32 మూరల వెదురు గాలికి విరిగి, దాని కొన మొదటికి 16 మూరల దూరంలో నేలను తాకింది. ఎంత ఎత్తున విరిగింది? విరగక నిలిచిన భాగం, నేలమీది దూరం, వాలిన భాగం కలిసి లంబకోణ త్రిభుజం అవుతాయని గ్రహిస్తే, 12 మూరల ఎత్తున విరిగిందని తేలుతుంది. నిలిచిన 12, వాలిన 20 కలిస్తే మొత్తం 32. విద్యార్థి తన సమాధానాన్ని తానే సరిచూసుకోవచ్చు.

సూత్రాన్ని గుడ్డిగా నమ్మడం ఆయనకు ఇష్టం లేదు. నాలుగు భుజాల కొలతలు మాత్రమే ఇచ్చి చతుర్భుజ వైశాల్యం అడగడం తగదని హెచ్చరించాడు. నాలుగు కర్రలతో చేసిన చట్రాన్ని ప్రక్కకు వంచితే భుజాలు మారవు, కాని వైశాల్యం తగ్గిపోతుంది. కాబట్టి కర్ణమో, లంబమో తెలియాలి. అడిగే ప్రశ్నలోనే లోపం ఉండవచ్చునని విద్యార్థికి తెలియజెప్పిన గురువు ఆయన. అయితే ఆయన చెప్పిన ప్రతి విషయాన్నీ నేటి గణితం అంగీకరించదు. ఒక రాశిని సున్నతో గుణించి తిరిగి సున్నతో భాగిస్తే మొదటి రాశియే వస్తుందన్న ఆయన నియమం నేడు చెల్లదు. పరీక్షించి స్వీకరించమన్న ఆయన బోధ ఆయన గ్రంథానికి కూడా వర్తిస్తుంది.

భాస్కరాచార్యుడు 69 ఏళ్ల వయస్సులో, 1183లో, 'కరణకుతూహలం' అనే ఖగోళ గ్రంథాన్ని రచించాడు. వార్ధక్యం ఆయన కలాన్ని ఆపలేదు. ఆయన కుమారుడు లక్ష్మీధరుడు యాదవరాజు జైత్రపాలుని ఆస్థానంలోనూ, మనుమడు చాంగదేవుడు సింఘణుని ఆస్థానంలోనూ గౌరవం పొందారు.

శ్లోకరూపంలోని సూత్రం కంఠస్థం చేయడానికి సులభం. కాని దాని అంతరార్థాన్ని విప్పి చెప్పే గురువు లేకపోతే అది మూగపోతుంది. ఈ సత్యాన్ని చాంగదేవుడు గ్రహించాడు. తాతగారి గ్రంథాలను బోధించడానికి 1207లో ఒక మఠం ఏర్పడేటట్లు చేశాడు. మహారాష్ట్రలోని చాలీస్‌గావ్ సమీపాన ఉన్న పాటణ శాసనం ఈ విషయాన్ని చెబుతున్నది. ఆ తరువాత వ్యాఖ్యాతలు ఆ బాధ్యతను స్వీకరించారు. వారిలో గణేశ దైవజ్ఞుడు 1545లో 'బుద్ధివిలాసిని' అనే వ్యాఖ్యను రచించి, సూత్రాలకు ఉపపత్తులను చూపాడు. 1816, 1817 సంవత్సరాలలో లీలావతికి ఆంగ్లానువాదాలు వెలువడ్డాయి.

ఇటువంటి కృషి తెలుగు నేలకు కూడా పరిచితమే. మహావీరాచార్యుని 'గణితసార సంగ్రహా'న్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చి, లెక్కలను మాతృభాషలో నేర్చుకొనే అవకాశం కల్పించాడు.

భారతదేశం 1979లోనూ, 1981లోనూ ప్రయోగించిన రెండు ఉపగ్రహాలకు భాస్కర అని పేరు పెట్టి ప్రాచీన గణితవేత్తలైన ఇద్దరు భాస్కరులనూ గౌరవించింది. ఆకాశంలో ఎగిరిన ఆ కీర్తి ఘనమైనదే. కాని గవ్వల లెక్కతో ఒక పిల్లవాని ముఖంలో నవ్వు పూయించి, భిన్నాల భయాన్ని పోగొట్టిన గురువుగా భాస్కరాచార్యుడు పొందిన కీర్తి అంతకన్న తక్కువది కాదు. తెలిసినవాడు తెలియనివాని స్థాయికి దిగివచ్చి చెప్పినప్పుడే విద్య వృద్ధి పొందుతుందని ఆయన జీవితం చాటుతున్నది.