సర్వే వదిలి వచ్చిన క్లౌ దొర

నేరేడ్‌మెట్‌లో మా ఇంటి ఫ్రిజ్ మీద రెండు నెలలుగా ఒక లిస్టు అంటించి ఉంది. పాస్‌పోర్ట్, టీకాలు, మలేరియా మందులు, పోలీస్ క్లియరెన్స్. బీటెక్ అవ్వగానే టాంజానియాలో ఒక పల్లె బడిలో రెండేళ్లు లెక్కలు చెప్పడానికి వాలంటీర్‌గా వెళ్దామని. లిస్టులో ఒక్కోదానికీ టిక్కు పడుతోంది కానీ, అమ్మ అడిగినదానికి మాత్రం జవాబు దొరకట్లేదు. నాలుగేళ్లు సివిల్ చదివింది ఇందుకేనా అని ఆవిడ బాధ.

మా అమ్మమ్మ వాళ్లది ఒంగోలు. అక్కడి క్లౌ ఆసుపత్రి పేరు చిన్నప్పట్నుంచీ వింటున్నాను. ఆ క్లౌ ఎవరో ఈ మధ్యే చదివాను. మన బ్రాంచివాడే, సర్వేయరు!

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. కుర్రతనంలోనే మిన్నెసోటాలో ప్రభుత్వ సర్వే బృందంతో తిరిగి పని నేర్చుకున్నాడు. లాయరై రాజకీయాల్లోకి వెళ్లాలని కాలేజీలో చేరాడు. అక్కడ మనసు మతం వైపు మళ్లింది. బాప్టిస్టు మిషనరీగా పేరిచ్చి, 1864 నవంబరు ఆఖర్న భార్యతో కలిసి బోస్టన్‌లో ఓడెక్కాడు. సూయజ్ కాలువ ఇంకా తెరవలేదు. ఆఫ్రికాను చుట్టి ఇటు చేరేసరికి 1865 ఏప్రిల్ వచ్చింది. ఆయన చేరబోయే తెలుగు మిషన్ కూడా గొప్పగా ఏం లేదు. ముప్పై ఏళ్లయినా ఫలితం కనపడక, మూసేద్దామా అని పైవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించిన శాఖ అది.

ముందు నెల్లూరులో ఏడాదిపైన ఉండి తెలుగు నేర్చుకున్నాడు. 1866లో ఒంగోలు వచ్చాడు. బడి పెడితే పెద్ద కులాల పిల్లలు బాగానే వచ్చారు. అంతలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద తనవాళ్లతో క్లౌ దగ్గరికి వచ్చాడు. వాళ్లను రానిస్తే మేం రామని ఆ పిల్లలు బడి మానేశారు. క్లౌ మాదిగల వైపే నిలబడ్డాడు. తర్వాత పల్లెపల్లెకూ ఆయనకు దారి చూపినవాడు పేరయ్యే. పరాయి ఊళ్లో అలాంటి మనిషి దొరక్కపోతే ఎంత తయారై వెళ్లినా ఏం లాభం?

1876లో వానలు లేవు. మన పెద్దలు ధాత కరువు అనేది దీన్నే. మద్రాసు ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలువ తవ్వకం చేపట్టింది. అందులో మూడున్నర మైళ్ల ముక్కను క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. కొలతలు, మట్టి లెక్క, కూలి లెక్క - ఎప్పుడో వదిలేసి వచ్చానుకున్న విద్య మళ్లీ చేతికొచ్చింది. వేలమంది తాటాకు పాకల్లో ఉంటూ మట్టి తవ్వారు. కూలి దొరికింది, గంజి దొరికింది. కలరా కూడా వచ్చింది. చాలామంది పోయారు.

నన్ను ఆపేసిన విషయం ఇక్కడుంది. కాలువ పని మీద పెట్టింది ఆయన బోధకుల్నే. వాళ్లు మతం గురించి చెబుతూనే ఉన్నారు. జనం బాప్తిస్మం ఇమ్మని అడిగారు కూడా. క్లౌ మాత్రం ఇవ్వనన్నాడు. కూటి కోసం వచ్చారో, నమ్మి వచ్చారో తేలాలంటే సాయం ఆగాలి అనుకున్నాడు. ఏడాదిపైగా అలా ఆపి, సాయం ముగిశాకే మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

మతం మార్చడం మీద మనలో ఎవరి అభిప్రాయం వాళ్లది. నాకూ ప్రశ్నలున్నాయి. ఆకలితో ఉన్నవాడు నిజంగా ఎంత స్వేచ్ఛగా అవునంటాడు? కానీ ఆ ప్రశ్న ముందు తనే వేసుకుని, తన పనినే ఆపుకున్న మనిషి మీద గౌరవం కలిగింది. సాయం చేసేవాడి చేతిలో ఎంత బలం ఉంటుందో ఆయనకు తెలుసు.

నలభై ఏళ్లకు పైగా ఆయన జీవితం ఒంగోలుతోనే ముడిపడింది. 1910లో అమెరికాలో కన్నుమూశాడు.

మొన్న రాత్రి అమ్మకు ఈ కథంతా చెప్పాను. సివిల్ ఎక్కడికీ పోదమ్మా, ఎప్పుడు అక్కరకొస్తుందో తెలీదు అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు, అలాగని కాదనలేదు కూడా. లిస్టు కింద నేను రెండు లైన్లు కలిపాను. స్వాహిలీ నేర్చుకోవాలి. అక్కడివాళ్లు వద్దన్నది నేను మంచిదనుకున్నా సరే, చేయకూడదు.

మొదటిదానికి టిక్కు పెట్టడానికి ఆర్నెల్లు చాలేమో. రెండోదానికి వెళ్లొచ్చాక కూడా పెట్టలేనేమో.