తపాలా మూటతో మొదలైన ఎయిర్ ఇండియా: జేఆర్‌డీ టాటా జీవితం

1932 అక్టోబర్ 15. కరాచీలోని ద్రిగ్ రోడ్ నుంచి ఒక చిన్న పుస్ మాత్ విమానం లేచింది. అందులో ఉన్నది ఒక పైలట్, ఒక తపాలా మూట. అంతే. అహ్మదాబాద్‌లో ఆగి, ఇంధనం నింపుకుని బొంబాయి జుహూలో దిగింది. ఆ పైలట్ పేరు జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా. మనందరికీ తెలిసిన జేఆర్‌డీ. బొంబాయి నుంచి బళ్లారి మీదుగా మద్రాసుకు ఆ ఉత్తరాలను తీసుకెళ్లింది ఆయన మిత్రుడు నెవిల్ విన్సెంట్.

జేఆర్‌డీ 1904 జులై 29న పారిస్‌లో పుట్టారు. తండ్రి పార్సీ, తల్లి ఫ్రెంచ్ వనిత. 1929లో భారత్‌లో జారీ అయిన మొదటి పైలట్ లైసెన్స్ ఆయనదే. మరుసటి ఏడాది ఆగాఖాన్ బహుమతి కోసం పోటీపడ్డారు. దారిలో ఈజిప్టులో ప్రత్యర్థి ఆస్పీ ఇంజనీర్ స్పార్క్ ప్లగ్‌లు లేక ఆగిపోతే, తన దగ్గరున్నవి ఇచ్చేశారు. చివరికి గెలిచింది ఆస్పీనే!

టాటా ఎయిర్‌లైన్స్ 1946లో పబ్లిక్ కంపెనీగా మారి ఎయిర్ ఇండియా అయింది. 1948 జూన్ 8న మలబార్ ప్రిన్సెస్ అనే కాన్‌స్టెలేషన్ విమానం బొంబాయి నుంచి కైరో, జెనీవా మీదుగా లండన్‌కు బయలుదేరింది. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశానికి అది గర్వకారణం.

మన హైదరాబాద్‌కూ ఈ కథలో చోటుంది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. బేగంపేట దాని కేంద్రం. డకోటా విమానాలు నడిపేది.

యుద్ధం తర్వాత సైన్యం వదిలేసిన డకోటాలు చౌకగా దొరకడంతో కంపెనీలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. ప్రయాణికులు మాత్రం అంతమంది లేరు. నష్టాలు పెరిగాయి. 1953 ఆగస్టు 1న కేంద్రం విమాన రంగాన్ని జాతీయం చేసింది. దక్కన్ ఎయిర్‌వేస్ సహా ఎనిమిది సంస్థల దేశీయ సర్వీసులు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయాయి. విదేశీ సర్వీసులు ఎయిర్ ఇండియాకు దక్కాయి.

ఈ నిర్ణయం జేఆర్‌డీకి అస్సలు నచ్చలేదు. తనతో ముందుగా సరిగ్గా మాట్లాడలేదని బాధపడ్డారు. అయినా అలిగి కూర్చోలేదు. తాను పెంచిన సంస్థ చెడిపోకూడదని, జీతం తీసుకోకుండా ఛైర్మన్‌గా పాతికేళ్లు పనిచేశారు. విమానంలో కర్టెన్ల రంగు దగ్గర్నుంచి టాయిలెట్ శుభ్రత దాకా స్వయంగా చూసి నోట్ పంపేవారు. 1960లో బోయింగ్ 707లు వచ్చాయి. 1962 నాటికి ఎయిర్ ఇండియా పూర్తిగా జెట్ సంస్థ అయింది.

1978లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం ఆయనను ఛైర్మన్ పదవి నుంచి తప్పించింది. ఆ సంగతి ప్రభుత్వం నుంచి కాదు, తన స్థానంలోకి వస్తున్న పీసీ లాల్ ద్వారానే ఆయనకు తెలిసింది. ఇన్నేళ్ల సేవకు దక్కిన మర్యాద అది. 1980లో ఇందిరా గాంధీ ప్రభుత్వం బోర్డులోకి తిరిగి తీసుకున్నా, ఛైర్మన్ కుర్చీ మాత్రం మళ్లీ దక్కలేదు.

తొలి ప్రయాణానికి యాభై ఏళ్లు నిండిన 1982లో, 78 ఏళ్ల వయసులో, కరాచీ నుంచి బొంబాయికి ఆయన మళ్లీ పాత రకం విమానం నడుపుకుంటూ వచ్చారు. 1992లో భారతరత్న అందుకున్నారు. 1993 నవంబర్ 29న జెనీవాలో కన్నుమూశారు. పుట్టిన పారిస్‌లోనే ఖననం చేశారు.

2022 జనవరి 27న ఎయిర్ ఇండియా తిరిగి టాటాల చేతికి వచ్చింది. 69 ఏళ్లు పట్టింది. ఆ రోజు చూడటానికి జేఆర్‌డీ లేరు.