కార్ల్ లాండ్‌స్టైనర్ పండితుని జీవితము

నేడు ఏ వైద్యశాలకు బోయినను, రోగికి రక్తమెక్కించుటకు ముందు వాని రక్తము ఏ వర్గమునకు జెందినదో పరీక్షింతురు. ఆ పరీక్షకు మూలపురుషుడెవ్వరో ఎఱిగినవారు మాత్రము కొలదిమంది. అట్టి మహనీయుని చరిత్రమును సంఘసభ్యులకును పోషకులకును నివేదించుట యుక్తమని మేము తలంచితిమి.

కార్ల్ లాండ్‌స్టైనర్ 1868వ సంవత్సరము జూన్ 14వ తేదీన ఆస్ట్రియా దేశమున జన్మించెను. తండ్రి లియోపోల్డు పేరుగాంచిన పత్రికారచయిత. బాలునకు ఆఱేండ్ల ప్రాయమున ఆయన గతింపగా తల్లి ఫానీయే కుమారుని పెంచి విద్య చెప్పించెను. ఆమెయందు ఈయనకు గల భక్తి అపారము. ఆమె మరణించిన పిమ్మట ఆమె ముఖమునుండి తీసిన అచ్చును జీవితాంతము తన గది గోడపై నుంచుకొనెను. 1891లో వియన్నాలో వైద్యపట్టము పొంది, పిమ్మట ఎమిల్ ఫిషరు మున్నగు రసాయనశాస్త్రజ్ఞులకడ శిష్యరికము చేసెను. వైద్యుడయ్యు రసాయనశాస్త్రమును విడువకుండుటయే ఈయన విజయములకు పునాది యయ్యెను.

1898 మొదలు పదియేండ్లు ఈయన వియన్నాలో శవపరీక్షాశాఖయందు పనిచేసి 3,600కు పైగా శవములను పరీక్షించెను. రక్తపరిశోధనయు ఆ కాలముననే సాగెను. ఒకని రక్తమునుండి వేఱుపడిన పలుచని ద్రవమును, అనగా సీరమును, మఱియొకని ఎఱ్ఱకణములతో గలిపినచో నొకప్పుడవి ముద్దకట్టుచుండెను. ఇది రోగలక్షణమని పలువురు భావించుచుండగా, ఆరోగ్యవంతులయందును ఇట్లు జరుగునని 1900లో ప్రకటించిన పత్రమున అడుగుగమనికగా మాత్రము ఈయన వ్రాసెను. 1901లో తన రక్తమును, సహోద్యోగుల రక్తమును తీసి, ఒక్కొక్కరి సీరమును తక్కినవారి కణములతో గలిపి పట్టికలు గట్టెను. మానవరక్తము మూడు వర్గములని దానివలన తేలెను. 1902లో డికాస్టెల్లో, స్టూర్లీ అను వారు నాలుగవదానిని గనుగొనిరి. ఎ, బి అను గుణములలో ఒకని కణములయందు ఏది లేదో, దానిని ఎదిరించు ప్రతిరక్షకములు వాని సీరమునందుండును. పూర్వము రక్తమెక్కించినపుడు ఒకడు బ్రతుకుటకును మఱియొకడు మరణించుటకును కారణమిదియే.

ఇంతటి సత్యము వెల్లడియైనను లోకము వెంటనే మేల్కొనలేదు. 1907లో న్యూయార్కున ఆటెన్‌బర్గు అను వైద్యుడు వర్గము చూచి రక్తమెక్కించుట మొదలిడెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున సిట్రేటు కలిపి రక్తమును గడ్డకట్టకుండ నిలుపు విధానము వచ్చిన పిదపగాని ఇది విరివిగా వ్యాపింపలేదు.

ఈయన ప్రకటించిన పత్రములు 346. 1908లో పాపరు అను వైద్యునితో గూడి పోలియోవ్యాధిని కోతులకు సంక్రమింపజేసి, అది సూక్ష్మదర్శినికి గానరాని క్రిమివలన గలుగునని నిరూపణకు దారితీసెను. అన్నింటికంటె ఎక్కువ కాలము శ్రమించినది ప్రతిరక్షకముల స్వభావమును గూర్చియే. చిన్న రసాయనద్రవ్యములను మాంసకృత్తులకు జోడించి జంతువులకు సూదిమందుగా నిచ్చి, ఆ ద్రవ్యములయందలి స్వల్పభేదమును సైతము ప్రతిరక్షకములు గుర్తింపగలవని చూపెను. ఆ విషయమును గూర్చిన గ్రంథము 1933లో జర్మనుభాషయందును, 1936లో ఇంగ్లీషునందును వెలువడెను.

యుద్ధానంతరము వియన్నాలో దారిద్ర్యము ప్రబలెను. ఈయన 1919లో హాలండునందలి హేగు నగరమున నొక చిన్న వైద్యశాలలో జేరెను. అచటి సాధనములు స్వల్పములు. అట్టి సమయమున న్యూయార్కునందలి రాక్‌ఫెల్లర్ సంస్థ ఆహ్వానించి, ప్రయోగశాల నిచ్చి ఆదరించెను. ఆ ఆదరణ వృథా కాలేదు. 1930లో నోబెల్ బహుమతి లభించెను. 1940లో వీనరుతో గూడి ఆర్‌హెచ్ గుణమును ప్రకటించెను. ఎందఱో నవజాతశిశువుల మరణములకు కారణము బోధపడుటకు అది తోడ్పడెను. 1943 జూన్ 24న ప్రయోగశాలయందే గుండెపోటు రాగా, 26న స్వర్గస్థుడయ్యెను. ఆయన సవరించిన గ్రంథము 1945లో వెలువడెను.

పండితుని యోగ్యతను పత్రముల సంఖ్యచేతను, వానిని ఇతరులు పేర్కొనిన లెక్కచేతను కొలుచు ఆచారము నేడు ప్రబలినది. ఆ కొలత ఉపయోగము లేనిదని మేమనము. కాని 1901 నాటి పత్రము కొన్ని పుటలదే. నేడు వర్గము చూచి రక్తమెక్కించు వైద్యుడు దానిని పేర్కొనడు, పేర్కొనవలసిన అవసరమును లేదు. ఒక విద్య అందఱి సొత్తై, కర్త పేరు మఱుగుపడుటకంటె గొప్ప ప్రశస్తి యేమి గలదు? 2004 నుండి ఆయన జన్మదినమునే ప్రపంచ రక్తదాతల దినముగా జరుపుచుండుట ఆ ఋణమునకు చిన్న గుర్తు.

కావున పోషకులకు మా విన్నపమొక్కటి. మన విద్యార్థులలో పరిశోధనకు బూనినవారిని ఏటేట ఫలమేదని యడుగక, హేగులోని లాండ్‌స్టైనరును స్మరించి ఓర్పుతో పోషింపుడు. ఫలము ఆలస్యముగా వచ్చినను అది సర్వజనుల కుపకరించును.