పదవి వేరు, మనిషి వేరు

హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) ఉమయ్యా రాజవంశంలో జన్మించారు. తండ్రి ఈజిప్టు గవర్నరు. తల్లి, రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి)కు మనుమరాలు. ఆయన మదీనా పండితుల వద్ద విద్య నేర్చుకున్నారు. ఖలీఫా అబ్దుల్ మలిక్ కుమార్తె ఫాతిమాను వివాహమాడారు. 706లో మదీనా గవర్నరై, పదిమంది ధర్మవేత్తలతో సలహా మండలి ఏర్పాటు చేసుకున్నారు. ఆ రోజుల్లో ఖరీదైన దుస్తులకు, అత్తరులకు ఆయన పెట్టింది పేరు.

717లో (హిజ్రీ 99) ఖిలాఫత్ బాధ్యత ఆయనపై పడింది. ఆనాటితో ఆయన జీవితమే మారిపోయింది. పదవి రాగానే చాలామంది ఆ పదవే తామనుకుంటారు. ఆయన మాత్రం పదవికీ తనకూ మధ్య ఒక గీత గీసుకున్నారు. రాచగుర్రాలను అమ్మించి, ఆ సొమ్మును బైతుల్‌మాల్ (ప్రజా ఖజానా)లో జమ చేయించారు. రాజవంశీకుడిగా తనకు దక్కిన భూములను వదులుకున్నారు. భార్యకు ఆమె తండ్రి ఇచ్చిన అమూల్యమైన ఆభరణం కూడా ప్రజల సొత్తేనని భావించి, అది కావాలో తాను కావాలో తేల్చుకోమన్నారు. ఆమె భర్తనే ఎంచుకున్నారు.

రాత్రివేళ ప్రజల పనులు చూస్తున్నప్పుడు ఖజానా నూనెతో దీపం వెలిగేది. సొంత విషయాలు మాట్లాడవలసి వస్తే దాన్ని ఆర్పి, తన ఇంటి దీపం వెలిగించేవారని చరిత్రకారులు రాశారు.

ఒకసారి ఆయనకు ఆపిల్ పండు తినాలనిపించింది. సంగతి తెలిసి ఒక బంధువు పళ్లు పంపాడు. ఆయన ఒక పండు వాసన చూసి, మెచ్చుకుని, సలాము చెప్పి అన్నీ తిప్పి పంపేశారు. దైవప్రవక్త (స) కానుకలు స్వీకరించేవారు కదా అని పక్కనున్నవారు గుర్తుచేశారు. ఆయనకు వచ్చినవి కానుకలేననీ, తర్వాతి అధికారులకు వచ్చేవి లంచాలనీ ఉమర్ వివరించారు.

అలాగని ఆయన బంధుత్వాలు తెంచుకోలేదు. భత్యాలు పోయిన బంధువుల తరఫున మేనత్త వస్తే గౌరవంగా కూర్చోబెట్టి మాట్లాడారు. కాని ఖజానా మాత్రం తెరవలేదు.

720లో, దాదాపు నలభై ఏళ్ల వయసులో ఆయన మరణించారు. తర్వాత ఖలీఫా అయిన ఫాతిమా సోదరుడు యజీద్ ఆ ఆభరణం తిరిగి ఇస్తానన్నాడు. భర్త బ్రతికుండగా వదులుకున్న దాన్ని ఆయన పోయాక తీసుకోనని ఆమె నిరాకరించారు. పదవి పోయినా, మనిషి పోయినా ఆ అనుబంధం చెక్కుచెదరలేదు.

ఇది మనకు దూరపు కథ కాదు. నూజివీడు మామిడి సీమలోని బాపులపాడులో ఎండాకాలం వస్తే బంగినపల్లి, చిన్నరసాల బుట్టలు ఇంటింటికీ నడుస్తాయి. బావమరిది తోటనుంచి వచ్చిన బుట్ట ప్రేమ. ఆఫీసులో ఫైలు పెండింగులో ఉన్నవాడు పంపిన బుట్ట సంగతేమిటి? జకాత్ వసూలుకు వెళ్లి, కొంత సొమ్ము తనకు కానుకగా వచ్చిందన్న ఉద్యోగిని దైవప్రవక్త (స) మందలించారు. తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదేమో చూసుకోమన్నారు. రేపు బదిలీ అయినా, రిటైరైనా ఈ బుట్ట మన గడపకు వస్తుందా? వస్తే అది మనకు. రాదనిపిస్తే అది మన కుర్చీకి వచ్చినట్టే. సలాము చెప్పి తిప్పి పంపడమే మేలు.