ఆరు పెన్నీల నవ్వు

హాస్యము వ్రాయుట తేలిక పని యనియు, అందును నాలుగు పంక్తుల హాస్యమైనచో మరింత తేలిక యనియు మనలో పెక్కుమంది తలంతురు. పాఠశాలలందు కావ్యమునకొక గౌరవము, విమర్శకొక గౌరవము కలవు గాని చిన్న హాస్యరచనకు పీట వేయువారు తక్కువ. సెలవునాడు చదువుకొనుటకు పనికివచ్చునని దానిని ప్రక్కన పెట్టుదుము. ఈ తలంపు ఎంత పొరపాటో తెలిసికొనగోరువారు ఆంగ్ల వ్యాసకర్త చార్లెస్ లాంబు జీవితమును ఒకమారు పరికింపవలెను.

లాంబు 1775 ఫిబ్రవరి 10న లండనులో, ఇన్నర్ టెంపుల్ అను న్యాయవాదుల ఆవరణమందు జన్మించెను. తండ్రి అచటి న్యాయవాది యొకనికడ గుమాస్తా. ఏడవ యేట చార్లెస్ క్రైస్ట్స్ హాస్పిటల్‌లో చేరెను. పేరు చూచి వైద్యశాల యనుకొనరాదు. అది కలిమిలేని యిండ్ల బిడ్డలకు భోజనవసతులతో చదువు చెప్పు ధర్మపాఠశాల. పిమ్మట మహాకవి యనిపించుకొనిన కోలరిడ్జి అచట ఆయన సహాధ్యాయి. లాంబు చదువులో చురుకైనవాడే కాని మాటలో నత్తి కలవాడు. ఆ బడి తన ఖర్చుతో విశ్వవిద్యాలయమునకు పంపు విద్యార్థులు మతబోధకులు కావలసినవారు. నత్తివానికి బోధకపీఠ మెక్కడిది? 1789లో, పదునాలుగవ యేటనే, ఆయన చదువు ముగిసెను. 1792 ఏప్రిలులో ఈస్టిండియా కంపెనీ లెక్కల కచ్చేరిలో గుమాస్తాగా కుదిరెను. మన ఉత్తర సర్కారులను ఆనాడు ఏలుచుండిన కంపెనీయే అది. తేయాకు, నీలిమందు, బట్టల అమ్మకపు లెక్కలను ఆయన ముప్పదిమూడేండ్లు వ్రాసెను. తన అసలు రచనలు ఆ కచ్చేరి అరలలోని లెక్కపుస్తకములే యని పిమ్మట తానే వేళాకోళమాడెను.

1796 సెప్టెంబరు 22వ తేదీ ఆ కుటుంబమును కూల్చివేసెను. అక్క మేరీ ఆయనకంటె పదియేండ్లు పెద్దది. మంచము పట్టిన తల్లికి రాత్రింబవళ్లు పరిచర్య చేయుచు, ఇల్లు గడచుటకై కుట్టుపని చేయుచు, విశ్రాంతి యెరుగని ఆమెకు మతి చలించెను. ఆనాడు భోజనవేళ చేతికందిన కత్తితో తల్లిని పొడిచెను. తమ్ముడు కత్తి లాగుకొనునప్పటికే తల్లి ప్రాణము పోయెను. మతిభ్రమచే జరిగినదని విచారణలో తేలినందున మేరీకి శిక్ష పడలేదు. ఆమెను ఎల్లకాలము పిచ్చాసుపత్రిలో ఉంచుటయే మేలని అన్న జాన్ తలచెను. ఇరువదియొక్క యేండ్ల చార్లెస్ అందుకు సమ్మతింపక, అక్క భారము బ్రతికినంతకాలము తనదేయని పూనుకొనెను. అంతకు ముందటి చలికాలమున తానును ఆరు వారములు అట్టి ఆసుపత్రిలో గడపినవాడే గనుక ఆ బాధ యెట్టిదో ఆయనకు తెలియును. మేరీకి జబ్బు మాటిమాటికి తిరుగబెట్టుచుండెను. దాని సూచనలు కానవచ్చినప్పుడు అక్కయు తమ్ముడును చేయి చేయి పట్టుకొని, కన్నీరు కార్చుచు, పొలముల మీదుగా ఆసుపత్రికి నడచిపోవుట చూచిన మిత్రులు కలరు.

ఇట్టి యింటినుండియే నవ్వు బయలుదేరెను. పందొమ్మిదవ శతాబ్దారంభమున లండనులోని ఉదయపత్రికలు దినదినము కొన్ని చమత్కారములను అచ్చువేయుట ఆచారము. మార్నింగ్ పోస్టు పత్రికకు వానిని సమకూర్చు పని లాంబునకు దొరకెను. చమత్కారమొక్కింటికి కూలి ఆరు పెన్నీలు. ఏడు పంక్తులు మించరాదు. ఊరిలోని తాజా కబుర్లు, మరి ముఖ్యముగా స్త్రీల దుస్తులు, అందుకు విషయములు. పగలెల్ల కచ్చేరి పని గనుక తెల్లవారుజామున లేచి, నిద్ర వదలని తలతో దినమునకు అరడజను నవ్వులను పుట్టింపవలసియుండెను. నవ్వు తనంత తాను వచ్చినప్పుడు హాయి. గంట కొట్టగానే రావలెనన్నచో అది వెట్టి. ఒకప్పుడు పడతులు గులాబిరంగు మేజోళ్లు తొడుగు వాడుక రాగా కొన్నాళ్లు గండము గడచెను. హద్దు మీరకుండ ఆ రంగును గూర్చి ఎన్ని విధముల చెప్పవచ్చునో అన్ని విధముల చెప్పెను. ఆ వాడుక పోగానే మరల కలము కొరుకుకొనుటయే. ఈ పాట్లనన్నింటిని 1831లో ఒక వ్యాసమున ఆయన నవ్వుచు చెప్పుకొనెను.

హాస్యమునకు తగిన కొలత యెంతో ఆయనకు నేర్పినది మరియొక దెబ్బ. 1806 డిసెంబరు 10న డ్రూరీ లేన్ రంగస్థలమున ఆయన ప్రహసనము ప్రదర్శింపబడెను. కథానాయకుడు తన పేరులోని మొదటి అక్షరము తప్ప మిగిలినది ఎవ్వరికిని చెప్పడు. ఊరంతయు ఆ పేరు తెలిసికొనవలెనని తహతహలాడును. తుదకు అది పందిమాంసమను అర్థమిచ్చు పేరని బయటపడును. ఏడు పంక్తులలో ఇమిడిన నవ్వు వచ్చెడిదే కాని, నాటకపు బరువును ఆ యొక్క మాట మోయలేకపోయెను. ప్రేక్షకులు ఈలలు వేసి వెక్కిరించిరి. వారిలో కూర్చుండిన లాంబు తానును కలసి అందరికంటె గట్టిగా వెక్కిరించెను. రెండవ ప్రదర్శనము లేకపోయెను. తన ఓటమికి తానే నవ్వగలవాడే హాస్యరచయిత యనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

మరుసటి యేడు, 1807లో, అక్కయు తమ్ముడును కలసి షేక్స్పియరు నాటకములను బాలురకు కథలుగా చెప్పిరి. విషాదాంతములు తమ్మునివి, తక్కినవి అక్కవి. మన పాఠశాలలందు ఎన్నో తరములు చదివిన పుస్తకమది. దాని ముఖపత్రముపై మొదట చార్లెస్ పేరు మాత్రమే అచ్చయినను, ఇరువది కథలలో పదునాలుగు మేరీ వ్రాసినవే.

1820లో, నలుబదియైదవ యేట, ఆయన లండన్ మేగజైనులో ఎలియా యను మారుపేరుతో వ్యాసములు ప్రారంభించెను. పందిపిల్ల కాల్పును గూర్చిన వ్యాసము జగత్ప్రసిద్ధము. చీనాదేశమున ఒక బాలుడు పొరపాటున ఇల్లు కాల్చుకొనగా, అందు కాలిన పందిపిల్ల రుచి బయటపడి, ఆ రుచికై జనులు ఇండ్లకు నిప్పు పెట్టుకొనసాగిరట! పాతకాలపు పంతులును కొత్తకాలపు పంతులును గూర్చిన మరియొక వ్యాసమును ఉపాధ్యాయులు తప్పక చదువవలెను. బండిలో ఒక పంతులు అడిగిన ప్రశ్నలకు బదులు చెప్పలేక తాను పడిన తికమకను వర్ణించి నవ్వించును. వెనువెంటనే, పిల్లల నడుమ బ్రదుకుచు పెద్దలలో ఒంటరియగు పంతులను తలచి జాలిపడును.

1819లో ఆయన ఫ్యానీ కెల్లీ యను నటిని వివాహమాడగోరెను, ఆమె అంగీకరింపలేదు. మూడేండ్లకు వెలువడిన స్వప్నశిశువుల వ్యాసమున తన యిరువురు బిడ్డలకు వారి ముత్తవ్వ కథ చెప్పుచుండును. బిడ్డల చేష్టలను చూచి మనము చిరునవ్వు నవ్వుచుండగనే వారు మసకబారి మాయమగుదురు. మేల్కొని చూచిన రచయిత, ఒంటరి కుర్చీ, ప్రక్కన అక్క. ఆ బిడ్డలు పుట్టనేలేదు.

హాస్యవ్యాసమనగానే మనకు పానుగంటివారి సాక్షి స్ఫురించును. అది ఆంగ్లమున ఆడిసను తీసిన బాట; లోకపు వంకరలను ఎత్తిచూపి నవ్వించుట దాని పద్ధతి. లాంబు నవ్వు మొట్టమొదట తనమీదనే వాలును. తన నత్తి, తన పేదరికము, తన మతిమరపు ఆయనకు సరకులు. మేజోళ్లపై వ్రాసిన చమత్కారములను నేడెవ్వరును చదువరు. మేజోళ్లతోనే అవియు మాసెను. ఎలియా వ్యాసములు నిలిచినది వానిలో నవ్వు ఎక్కువగుటచే కాదు, నవ్వువాని బ్రదుకు ఆ నవ్వులో కలిసియుండుటచే. అయినను ఆ ఆరు పెన్నీల కూలి వ్యర్థము కాలేదు. మాటను తూచి వాడుట, నవ్వు రాగానే ఆగుట అను విద్యలకు అది మంచి సాధన.

1825 మార్చి 29న కంపెనీ ఆయనకు ఏటికి 441 పౌనుల పింఛను ఇచ్చి విశ్రాంతి కల్పించెను. చేతినిండ కాలము దొరకి ఏమి చేయుటకును తోచని గుమాస్తా దిగులును గూర్చి కూడ ఒక వ్యాసము వ్రాసెను. 1834 జూలైలో కోలరిడ్జి మరణించెను. ఆ దుఃఖము తీరకయే, డిసెంబరులో నడకకు పోయి పడి ముఖమునకు గాయము తగిలి, 27వ తేదీన ఎడ్మంటనులో లాంబు కన్నుమూసెను. మేరీ మరి పన్నెండేండ్లకు పైగా జీవించి 1847లో గతించెను. ఆమెను తమ్ముని సమాధిలోనే ఉంచిరి.

విద్యార్థి యెవడైన నాలుగు పంక్తుల హాస్యము వ్రాసి తెచ్చినప్పుడు, ఉపాధ్యాయుడు దానిని వ్యాసమును దిద్దినంత శ్రద్ధతో దిద్దవలెను. ఏ మాట ఎక్కువయ్యెను, నవ్వు ఎచట ఆగవలెను, ఎవరిని చూచి నవ్వుచున్నాడు అని అడుగవలెను. ఈ మూడవ ప్రశ్నకు నన్ను చూచియే యని బాలుడు బదులు చెప్పగలిగిననాడు లాంబు పాఠము అతనికి అందినట్లే.