ఫ్రాంక్లిను మహాశయుని ఆత్మపరీక్ష

అమెరికా ఖండమునందలి బోస్టను నగరమున సబ్బులును కొవ్వువత్తులును చేసి యమ్ముకొని జీవించు జోషియా ఫ్రాంక్లిను అను గృహస్థు కలడు. ఆయన సంతానము పదునేడుగురిలో పదునైదవవాడును, కొడుకులలో కడగొట్టువాడును అయిన బెంజమిను 1706వ సంవత్సరము జనవరి 17వ తేదీన జన్మించెను. రాబడిలో పదియవపాలు దేవునికిచ్చుట క్రైస్తవులలో ఆచారము. కుమారులలో ఆ పాలుగా వీనిని మతసేవకు సమర్పింపదలచి తండ్రి ఎనిమిదవయేట బడిలో వేసెను. కాని వ్యయము భరింపలేక రెండేండ్లలోనే మాన్పించి వత్తుల పనిలో పెట్టెను. పాదరి కావలసిన బాలుడు ఈ విధముగా పాదరులను ప్రశ్నించువాడయ్యెను.

1718లో అన్నయగు జేమ్సు నడపు అచ్చుకూటమున పనికి కుదిరి, చేతికందిన గ్రంథమునెల్ల చదివెను. దేవుడు కలడు గాని శాస్త్రము దైవదత్తము కాదనువారిని ఖండించుటకై వ్రాసిన పుస్తకములు కొన్ని ఆయనకు దొరికెను. వానిలోని సిద్ధాంతముకంటె పూర్వపక్షమే బాలునికి బలముగా తోచెను! ఊరివారితో నిర్మొగమాటముగా వాదించి నాస్తికుడను పేరు తెచ్చుకొనెను. అన్నతోడి కలహము దానికి తోడుకాగా 1723లో ఫిలడెల్ఫియాకు పారిపోయెను.

1725లో లండను నగరమున నుండగా పుణ్యపాపభేదము వట్టిదని వాదించుచు చిన్న పుస్తకము వ్రాసి నూరు ప్రతులు అచ్చువేసెను. వయస్సప్పటికి పందొమ్మిది. కాని ఆ సిద్ధాంతపు ఫలములు కన్నులయెదుటనే కనబడసాగెను. తన మాటలచే సంశయవాదియైన మిత్రుడొకడు అప్పు తీసికొని తీర్పకయే పోయెను. తానును తక్కువ తినలేదు. ఒకరి పక్షమున వసూలుచేసిన సొమ్మును వాడివేసెను. పెండ్లిమాట లాడుకొన్న డెబోరా రీడు అను కన్యకు లండనునుండి ఒక్క జాబు వ్రాసి మరచిపోయెను. ఈ వాదము సత్యమే కావచ్చును గాని లోకమునకు పనికివచ్చునది కాదని యెంచి, మిగిలిన ప్రతులలో ఒక్కటి తప్ప అన్నిటిని కాల్చివేసెను. ఇతరుల మతమును ప్రశ్నించువారు పెక్కుమంది. స్వమతమును ఇట్లు అగ్నిలో వేయగలవారు అరుదు.

ఫిలడెల్ఫియాకు మరలివచ్చి ముద్రాపకుడుగా స్థిరపడిన పిమ్మట, ప్రెస్బిటీరియను శాఖకు చెందిన పాదరి వచ్చి ప్రార్థనకు రమ్మని కోరెను. ఫ్రాంక్లిను వరుసగా ఐదు ఆదివారములు పోయెను. ఉపన్యాసములన్నియు శాఖాసిద్ధాంతముల మీదనే సాగెను. ఆ పెద్ద మంచి పౌరులను గాక తన శాఖకు మంచి భక్తులను మాత్రమే తయారుచేయజూచుచున్నాడని ఆయనకు తోచెను. ఒకనాడు సత్యమును న్యాయమును తలపోయుమని చెప్పు బైబిలు వాక్యము పాఠమయ్యెను. నేడైనను నీతిని వినగలుగుదునని ఫ్రాంక్లిను ఆశపడెను. పాదరి చెప్పినవి ఐదు: ఆదివారవ్రతము, గ్రంథపఠనము, చర్చికి వచ్చుట, ప్రభుభోజనము, పాదరులను గౌరవించుట. అంతటితో పోవుట మానెను. చందా ఇచ్చుట మాత్రము మానలేదు.

గురువును విడిచినవాడు తన్ను తాను విడిచిపెట్టుకొనుట సులభము. ఫ్రాంక్లిను అట్లు చేయక తనపై తానే తనిఖీదారుడయ్యెను. ఆచరింపవలసిన గుణములను పట్టికగా వ్రాసికొనెను: ఆహారపానములందు మితము, మితభాషణము, క్రమము, దృఢసంకల్పము, మితవ్యయము, పరిశ్రమ, నిష్కాపట్యము, న్యాయము, అతివర్జనము, శుచిత్వము, శాంతము, శీలము. ఇవి పండ్రెండు. నీవు గర్విష్ఠివని లోకులనుకొనుచున్నారని క్వేకరు మిత్రుడొకడు మొగముమీదనే చెప్పగా వినయమును పదుమూడవదిగా చేర్చెను. ఏ శాఖవారికిని ఆక్షేపణము లేనివిధముగ దీనిని కూర్చెను.

చిన్న పుస్తకములో గుణమునకొక పుట. ఎఱ్ఱసిరాతో ఏడు దినములకు ఏడు గడులు, పదుమూడు వరుసలు. రాత్రి తప్పులు తలచుకొని తప్పునకొక నల్లచుక్క పెట్టుట నియమము. వారమున కొక గుణమును ప్రధానముగా సాధించినచో పదుమూడు వారములకు ఒక ఆవృత్తి, ఏటికి నాలుగావృత్తులు. చుక్కలు చెరిపి చెరిపి కాగితము చిల్లులు పడగా దంతపు రేకులపై గీతలు గీసికొని తడిస్పంజుతో తుడుచుకొనెను. తప్పులు తాననుకొన్నదానికంటె ఎంతయో హెచ్చుగా కనబడెనట. క్రమము ఎన్నడును పట్టుబడలేదు. ఆయన చెప్పిన కథ యొకటి కలదు. గొడ్డలి యంతయు అంచువలె మెరయవలెనని కోరిన ఒకనిని, అయితే చక్రము నీవే త్రిప్పుమని కమ్మరి యనెను. త్రిప్పి త్రిప్పి అలసిన యాతడు మచ్చల గొడ్డలియే తనకు నచ్చినదని పట్టుకొనిపోయెను. వినయము సంగతియు నంతే. దాని రూపమే గాని నిజము తనకబ్బలేదని ఒప్పుకొనెను.

1735లో హెంఫిలు అను యువపాదరి సత్క్రియలే ప్రధానమని బోధించినందుకు శాఖాసభ ఆతనిపై విచారణ జరిపెను. ఫ్రాంక్లిను ఆతని పక్షమున తీవ్రమైన పుస్తకములు ప్రకటించెను. ఇంతలో ఆతని ఉపన్యాసములు పరుల రచనలని బయటపడెను. తక్కినవారు చెప్పు సొంత చెడ్డమాటలకంటె ఎరవు తెచ్చిన మంచిమాటలే మేలని ఫ్రాంక్లిను నిలిచెను గాని, హెంఫిలు ఊరు విడువక తప్పలేదు.

ఇంత పట్టిక వ్రాసిన కంటికిని ఒక చీకటి మిగిలెను. న్యాయమునకు ఒక పుట యుండగనే ఆయన యింట బానిసలుండిరి. ఆయన పత్రికలో బానిసల అమ్మకపు ప్రకటనలు అచ్చయ్యెను. ఊరంతయు ఆచరించు పాపమునకు చుక్క పెట్టుట ఎంత కష్టమో దీనివలన తెలియును. ఆ దృష్టి కలుగుటకు ముసలితనము రావలసివచ్చెను. 1787లో పెన్సిల్వేనియా బానిసత్వనిర్మూలన సంఘమునకు అధ్యక్షుడై, 1790 ఫిబ్రవరిలో బానిసత్వమును తొలగింపుమని కాంగ్రెసునకు పంపిన విజ్ఞాపనముపై సంతకము చేసెను. కాంగ్రెసు దానిని అంగీకరింపలేదు.

ఆ యేడు మార్చిలో ఒక పాదరి మతవిషయమై అడుగగా, సృష్టికర్త యొక్కడని నమ్ముదుననియు, తోడి బిడ్డలకు మేలుచేయుటయే ఆయనకు ప్రియమైన పూజ యనియు, క్రీస్తు దైవత్వమునందు మాత్రము తనకు సంశయము కలదనియు దాపరికము లేక వ్రాసెను. 1790 ఏప్రిలు 17వ తేదీన 84వ యేట మరణించెను. శవయాత్రలో యూదుల గురువుతో గూడ ఆ నగరమందలి అన్ని మతశాఖల పెద్దలును శవపేటికకు ముందు నడచిరి.